కేసులు మనకెక్కువ, యాంటీబాడీలు కృష్ణాకెక్కువ: 2020 సీరో సర్వేని ఎలా చదవాలి?

రాజోలు మాస్టారు | శనివారం, ఉదయం
అందరికీ నమస్కారమండి. తొమ్మిదో తరగతికి వ్యాధి నిరోధకత పాఠం చెబుతుంటే ఒకమ్మాయి లేచి, "టెస్టు చేయించుకోని వాళ్లకి కరోనా వచ్చిందో లేదో గవర్నమెంటుకి ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది. మంచి ప్రశ్న. మన జిల్లా అంకెలతోనే జవాబు చెబుదామని పాత పేపర్లు తిరగేశాను. అక్కడ ఒక చిక్కు వచ్చింది.

2020 ఆగస్టులో మన రాష్ట్రం మొదటి విడత సీరో సర్వే, అంటే జనం రక్తంలో కరోనా యాంటీబాడీలు వెతికే సర్వే, నాలుగు జిల్లాల్లో చేసింది: అనంతపురం, కృష్ణా, నెల్లూరు, తూర్పుగోదావరి. మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలో 14.4 శాతం మంది రక్తంలో యాంటీబాడీలు కనపడ్డాయి. కృష్ణాలో 20 శాతం దాటింది. అయితే అప్పటికి రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ కేసులు నమోదైంది మన దగ్గరే. కృష్ణాలో మనకన్నా చాలా తక్కువ. రోజూ సాయంత్రం బులెటిన్‌లో మన జిల్లా పక్కనున్న అంకె చూసి ఎంత టెన్షన్ పడేవాళ్లమో మీకూ గుర్తుండే ఉంటుంది. కేసులు ఎక్కువున్న చోట యాంటీబాడీలు తక్కువ ఎలా వచ్చాయి? రెండిట్లో ఏది నమ్మాలి? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెప్పండి, పిల్లలకు తప్పు చెప్పకూడదు.

యానాం కుర్రాడు | శనివారం, ఉదయం
ఏదీ నమ్మక్కర్లేదు మాస్టారూ. అరకోటి జనం ఉన్న జిల్లాలో కొద్ది వేల మంది రక్తం తీసి, జిల్లా మొత్తానికి ఇంత శాతం అని చెప్పేస్తే ఎలా? మా ఇంట్లో ఎవర్నీ అడగలేదు, మా వీధిలోనూ ఎవర్నీ అడగలేదు.

పాలకొల్లు పీజీ | శనివారం, మధ్యాహ్నం
తమ్ముడూ, యానాం పుదుచ్చేరి కింద ఉంది. ఆ సర్వే ఆంధ్రప్రదేశ్‌ది. మీ వీధికి రాకపోవడానికి కారణం అదే. మీ కేసులు కూడా మన బులెటిన్‌లో కలవలేదు, పుదుచ్చేరి లెక్కలో చేరాయి. గోదావరి పాయ దాటిన వైరస్‌కు ఆ సరిహద్దు తెలియకపోయినా లెక్కల పుస్తకానికి తెలుసు. ఏ అంకె చూసినా దాని హద్దు ఎక్కడిదో ముందు అడగాలి. నేను కమ్యూనిటీ మెడిసిన్ చదువుతున్నాను, డ్యూటీ అయ్యాక వివరంగా రాస్తాను.

కాకినాడ ల్యాబ్ | శనివారం, సాయంత్రం
మాస్టారూ, రెండూ నమ్మొచ్చు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ముక్కులోంచి శ్వాబ్ తీసి చేసే ఆర్టీపీసీఆర్ "ఈ మనిషిలో ఇప్పుడు వైరస్ ఉందా?" అని అడుగుతుంది. అది కొద్దిరోజులే దొరుకుతుంది. పైగా టెస్టుకు వచ్చినవాళ్లనే లెక్కపెడుతుంది. ఎక్కువ మందికి టెస్టు చేసిన జిల్లాలో ఎక్కువ కేసులు బయటపడతాయి. జ్వరం రానివాడు, వచ్చినా ఇంట్లో పారాసెటమాల్ వేసుకుని పడుకున్నవాడు ఆ లెక్కలోకి రాడు.

యాంటీబాడీ పరీక్ష అడిగేది వేరు: "ఈ మనిషికి ఈ వైరస్ ఎప్పుడైనా సోకిందా?" ఐజీజీ అనే యాంటీబాడీ వైరస్ సోకిన రెండు మూడు వారాలకు రక్తంలో కనపడే స్థాయికి వస్తుంది, తర్వాత నెలల తరబడి ఉంటుంది. అతను టెస్టు చేయించుకున్నాడా, జ్వరం వచ్చిందా అన్నదానితో దానికి పనిలేదు.

మీ చిక్కుముడికి మొదటి జవాబు ఆ రెండు మూడు వారాల్లోనే ఉంది. ఆగస్టు మొదటి పక్షంలో తీసిన రక్తం జూలై మధ్య వరకు జరిగిన కథను చెబుతుంది. విజయవాడలో ఏప్రిల్ నుంచే వైరస్ తిరుగుతోంది. మన జిల్లాలో అసలు ఉధృతి జూలై చివర్లో మొదలై ఆగస్టులో పెరిగింది. అంటే సర్వే రోజున మన దగ్గర వైరస్ సోకి, ఇంకా యాంటీబాడీలు రాని మనుషులు చాలామంది ఉన్నారు. కేసుల లెక్క వాళ్లను పట్టుకుంది, సీరో సర్వే ఇంకా అక్కడికి చేరలేదు.

రెండో సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి తూర్పుగోదావరి జనం 51 లక్షల 54 వేలు. అందులో 14.4 శాతం అంటే ఏడు లక్షల పైమాటే. ఆనాటికి నమోదైన కేసులు వేలల్లోనే. బులెటిన్‌లో రాష్ట్రంలోకెల్లా పెద్ద అంకె మనదే, అయినా అది కూడా అసలు వ్యాప్తిలో చిన్న ముక్కే. సర్వే చెప్పిన ముఖ్యమైన మాట ఇది. నన్నడిగితే కృష్ణాతో పోలిక దీని తర్వాతే.

గుడివాడ | శనివారం, రాత్రి
మా కృష్ణాలో టెస్టులు తక్కువ చేసి కేసులు దాచారని అప్పట్లో వాట్సాప్‌లో తెగ తిరిగింది. దాచనక్కర్లేదని ఇప్పుడు అర్థమైంది. లక్షణాలు లేనివాళ్లు టెస్టుకే రాకపోతే దాచేదేముంది?

పాలకొల్లు పీజీ | శనివారం, రాత్రి
దేశం మొత్తమ్మీద కూడా ఇదే జరిగింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మొదటి జాతీయ సర్వే 2020 మే, జూన్ నెలల్లో. 21 రాష్ట్రాల్లో 70 జిల్లాలు, 28,000 మంది పెద్దవాళ్లు. వచ్చింది 0.73 శాతం. చూడ్డానికి చిన్నదే, కానీ ఆ లెక్కన నమోదైన ఒక్కో కేసుకు 82 నుంచి 130 మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో చేసిన రెండో సర్వేకి అది 26 నుంచి 32కి తగ్గింది. టెస్టులు పెరిగాయి కాబట్టి కేసుల లెక్క నిజానికి కాస్త దగ్గరైంది. వ్యాప్తి పెరుగుతోందా, లేక మనం వెతకడమే పెరుగుతోందా అన్నది విడదీసి చెప్పగలిగేది ఇలాంటి సర్వే ఒక్కటే.

ఇది కరోనాతో మొదలైన పద్ధతి కాదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు ఇంగ్లాండులో రక్త నమూనాలు చూస్తే, ఉధృతి ఎక్కువున్న ప్రాంతాల్లో దాదాపు ముగ్గురు పిల్లల్లో ఒకరికి అది సోకిందని తేలింది. ఆసుపత్రి లెక్కల అంచనాకు అది పదింతలు. వృద్ధుల్లో చాలామందికి పాత వైరస్‌ల వల్ల ముందే యాంటీబాడీలు ఉన్నాయని కూడా తెలిసింది.

యానాం కుర్రాడు | ఆదివారం, ఉదయం
అన్నయ్యా, హద్దు సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. 28,000 మందిని చూసి 130 కోట్ల మంది గురించి చెప్పడం ఎలా కుదురుతుంది?

భీమవరం లెక్కల పంతులు | ఆదివారం, ఉదయం
నాయనా, అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడు మెతుకులూ పట్టి చూడం, ఒక్క మెతుకు చాలు. అయితే ఆ మెతుకు సామెత కలిపిన గిన్నెకే పనికొస్తుంది. అడుగు మాడి, పైన పలుకున్న గిన్నెలో ఒక్క మెతుకు నిన్ను మోసం చేస్తుంది. అందుకని సర్వేలో "ఎంతమంది" కన్నా "ఎవరెవరు" అన్నది పెద్ద ప్రశ్న.

ఐసీఎంఆర్ ఒక్కో జిల్లాకు పది ఊళ్లో వార్డులో ఎంచుకుంది. ఒక్కోచోట 40 మంది. జిల్లాకు 400, అలాంటివి 70 జిల్లాలు కాబట్టి 28,000. ఆ పది చోట్లు మనిషి ఇష్టం కొద్దీ ఎంచుకున్నవి కావు, లాటరీ పద్ధతిలో వచ్చినవి. అక్కడే దాని బలం. జనాభా కోటి అయినా వంద కోట్లయినా, సరిగ్గా చీటీ తీసినట్టు ఎంచుకుంటే లెక్కలో వచ్చే తేడా ఆధారపడేది నమూనా పరిమాణం మీద. జనాభా పరిమాణం దాన్ని దాదాపు మార్చదు. విద్యార్థులకు ఇది నమ్మించడం కష్టం, ఏటా కొత్త బ్యాచ్‌తో ఇదే గొడవ.

ఇంకో మెలిక ఉంది. ఒకే వీధిలో 40 మందిని తీసుకుంటే 40 వేర్వేరు సమాచారాలు రావు. ఒక ఇంట్లో వస్తే పక్కింట్లో కూడా వచ్చి ఉంటుంది. అంటువ్యాధి లక్షణమే అది. అందుకే గుంపులుగా తీసిన 400 మంది, విడివిడిగా తీసిన 400 మందికన్నా తక్కువ చెబుతారు. జిల్లా అంకె పక్కన "ఇంత నుంచి ఇంత వరకు" అని ఇచ్చే హద్దులు అందుకే వెడల్పుగా ఉంటాయి. పేపర్లో ఆ హద్దులు వేయరు, మధ్య అంకె ఒక్కటే వేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. 14.4 అని దశాంశంతో సహా వేస్తే జనం తూకం వేసి చెప్పారనుకుంటారు.

లంక ఏఎన్ఎం | ఆదివారం, మధ్యాహ్నం
"ఎవరెవరు" అన్న మాట దగ్గర నేను మాట్లాడాలండి. ముమ్మిడివరం వైపు లంక ఊళ్లలో తిరిగే దాన్ని.

పై నుంచి లిస్టు వస్తుంది, ఫలానా ఇంటి నుంచి మొదలుపెట్టి వరసగా వెళ్లమంటారు. పగలు పదకొండు గంటలకు వెళ్తే ఇంట్లో ఎవరుంటారు? ముసలివాళ్లు, చిన్నపిల్లల తల్లులు. మగవాళ్లు కొబ్బరి దింపుకో, చేలోకో, చెరువుల మీదకో పోతారు. రొయ్యల ప్లాంటుకు పనికెళ్లే ఆడపిల్లల్ని పొద్దున్నే బస్సు ఎక్కించుకుపోతుంది, చీకటి పడ్డాక దింపుతుంది. నలుగురితో కలిసి, చల్లటి గదుల్లో పక్కపక్కన నిలబడి పనిచేసేది వాళ్లే. వైరస్ ముందు ఎక్కేది వాళ్లకే. ఇంటి దగ్గర దొరకనిది కూడా వాళ్లే. ఇల్లు తాళం ఉందని పక్కింటికి పోతే సర్వే సులువుగా అయిపోతుంది, కానీ ఊరి సంగతి తేలదు. మళ్లీ సాయంత్రం వెళ్లాలి. నేను వెళ్లేదాన్ని.

రక్తం తీశాక పని ఇంకా ఉంటుంది. ట్యూబు మీద నంబరు, కాగితం మీద నంబరు ఒకటే కావాలి. అరగంట కదపకుండా నిలబెట్టి గడ్డ కట్టనివ్వాలి. ఐస్ ప్యాకులున్న వ్యాక్సిన్ క్యారియర్‌లో పెట్టాలి. పంటు కోసం రేవులో ఎండలో నిలబడితే ఆ డబ్బా మీదే ప్రాణం ఉండేది. పడవ దిగాక ఆటోలో కుదుపులకు రక్తకణాలు పగిలితే, గడ్డ మీద తేరే నీరు, అదే సీరం, ఎర్రగా వస్తుంది, ల్యాబువాళ్లు వద్దంటారు. అప్పుడు మళ్లీ ఆ ఇంటికే వెళ్లి, "ఇంకోసారి చెయ్యి ఇవ్వమ్మా" అని బతిమాలుకోవాలి.

పాలకొల్లు పీజీ | ఆదివారం, మధ్యాహ్నం
అక్కా, మీ పోస్టు మా డిపార్ట్‌మెంటులో గోడకు అంటించాలి.

మీరు చెప్పిన ఇబ్బందికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని శాంటాక్లారా కౌంటీలో ఫేస్‌బుక్ ప్రకటన ఇచ్చి జనాన్ని పిలిచారు. 3,330 మంది వచ్చారు, 50 మందికి పాజిటివ్. దాన్నిబట్టి వైరస్ చాలా విస్తరించింది, కాబట్టి అంత ప్రమాదకరం కాదన్నారు. విమర్శ వెల్లువెత్తింది. ప్రకటన చూసి పరిగెత్తుకొచ్చేవాళ్లలో "నాకు మొన్న జ్వరం వచ్చింది, అదేనేమో" అనుకునేవాళ్లు ఎక్కువ ఉంటారు. అదే సమయంలో స్పెయిన్ ఇళ్లను లాటరీలో ఎంచి 61 వేల మందికి పరీక్ష చేసింది. దేశానికి 5 శాతం, మాడ్రిడ్‌లో 10 శాతం పైన వచ్చింది. యాంటీబాడీలు ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఏ లక్షణమూ లేదు. అంత దెబ్బతిన్న దేశంలోనూ నూటికి తొంభై అయిదు మందికి ఇంకా సోకలేదన్నది అప్పట్లో పెద్ద హెచ్చరిక.

ముంబయి చూడండి. 2020 జూలైలో మూడు వార్డుల్లో సర్వే చేస్తే మురికివాడల్లో 57 శాతం, బయట అపార్ట్‌మెంట్లలో 16 శాతం. ఒకే వార్డు, మధ్యలో రోడ్డు. రెండూ కలిపి సగటు చెప్పి ఉంటే అసలు విషయం మాయమయ్యేది. మన ఉమ్మడి జిల్లా 14.4 కూడా అలాంటి సగటే. రంపచోడవరం కొండల్నీ, కాకినాడ సిటీనీ, అంతర్వేది సముద్రపు ఒడ్డునీ కలిపి ఒక్క అంకె.

రాజోలు మాస్టారు | ఆదివారం, సాయంత్రం
చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. పిల్లలు తప్పకుండా అడిగేది ఇంకొకటుంది. టెస్టే తప్పయితే?

భీమవరం లెక్కల పంతులు | ఆదివారం, రాత్రి
బోర్డు మీద ఈ లెక్క వేయించండి మాస్టారూ. పుణె ఎన్ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) తయారుచేసిన, యాంటీబాడీలు వెతికే కోవిడ్ కవచ్ ఎలైజా కిట్ గురించి ప్రచురించిన అంకెలు: సోకినవాళ్లను పట్టుకునే శక్తి 92.37 శాతం, సోకనివాళ్లను సరిగ్గా నెగెటివ్ అనే శక్తి 97.9 శాతం. వినడానికి రెండూ బ్రహ్మాండం.

వెయ్యి మంది ఉన్న ఊళ్లో నిజంగా సోకింది పదిమందికే అనుకోండి. ఆ పదిలో తొమ్మిదిమందిని కిట్ పట్టుకుంటుంది. మిగతా 990 మందిలో 2.1 శాతం, అంటే 21 మందికి అబద్ధపు పాజిటివ్ వస్తుంది. మొత్తం 30 పాజిటివ్‌లు. ఊళ్లో ఒక శాతానికి సోకితే సర్వే మూడు శాతం చెబుతుంది, ఆ ముప్ఫైమందిలో ఇరవై ఒక్కరికి అసలు రాలేదు!

అదే ఊళ్లో 200 మందికి సోకిందనుకోండి. 185 మంది నిజం పాజిటివ్, 17 మంది అబద్ధం. మొత్తం 202. దాదాపు సరిపోయింది. కిట్ మారలేదు, వ్యాప్తి మారింది. వైరస్ కొత్తగా వచ్చి తక్కువ మందిలో ఉన్నప్పుడే టెస్టు తప్పు ఎక్కువ బాధిస్తుంది.

దీన్ని సరిదిద్దే సూత్రం కూడా ఉంది, 1978 నాటిది. వచ్చిన శాతంలోంచి అబద్ధపు పాజిటివ్ శాతం తీసేయాలి: 3.0 నుంచి 2.1 పోతే 0.9. కిట్ రెండు శక్తులూ కలిపి ఒకటి తీసేస్తే 0.9027. దానితో భాగిస్తే ఒక శాతం తిరిగొస్తుంది. పిల్లలు ఆ ఒకటిని చూసి చప్పట్లు కొడతారు, చూడండి.

కాకినాడ ల్యాబ్ | ఆదివారం, రాత్రి
పంతులుగారి లెక్కకు ల్యాబు వైపు నుంచి ఒక మాట. ఐసీఎంఆర్ మొదటి సర్వేలో ఈ కారణంగానే కవచ్‌లో పాజిటివ్ వచ్చిన నమూనాలను వేరే కంపెనీ కిట్‌తో మళ్లీ పరీక్షించారు. రెండిట్లోనూ వస్తేనే లెక్కలోకి తీసుకున్నారు. 0.73 అనే అంత చిన్న అంకెను ధైర్యంగా చెప్పగలిగింది అలాగే.

ఎలైజా ప్లేటులో 96 గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి సీరం. చివర్లో ద్రావకం వేయగానే యాంటీబాడీ ఉన్న గుంట పసుపుగా మారుతుంది. కొన్ని చిక్కటి పసుపు, కొన్ని నీళ్లలాగే ఉంటాయి, వాటితో గొడవ లేదు. మధ్యలో లేత పసుపుగా ఉండేవాటి దగ్గరే ఆగి ఆలోచించాలి. పాజిటివ్‌కీ నెగెటివ్‌కీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మెషీన్ అంకె ఇచ్చాక కూడా మనిషి తీసుకునే నిర్ణయమే. గీత కిందికి జరిపితే ఊళ్లో రోగం పెరుగుతుంది, పైకి జరిపితే తగ్గుతుంది. అందుకే ప్రతి ప్లేటులోనూ తెలిసిన పాజిటివ్, తెలిసిన నెగెటివ్ సీరం కూడా పెట్టి నడుపుతాం.

తణుకు ఫారం | సోమవారం, ఉదయం
ఇదంతా చదువుతుంటే మా షెడ్డులో పనే అనిపిస్తోందండి. లేయర్ల బ్యాచ్‌లో రాణిఖేత్, అదే మన కొక్కెర తెగులు, టీకా పనిచేసిందో లేదో చూడ్డానికి ప్రతి కోడికీ పరీక్ష చెయ్యం. షెడ్డులో ఆ మూలా ఈ మూలా కొన్నిటిని పట్టుకుని, రెక్క కింద నరంలోంచి రక్తం తీసి టైటర్‌కు, అంటే యాంటీబాడీ ఎంత ఉందో కొలవడానికి, పంపుతాం. గేటు దగ్గర దొరికినవాటినే పట్టుకుంటే డాక్టరు గారు తిడతారు. టైటర్లన్నీ దగ్గర దగ్గరగా ఉంటే టీకా అన్నిటికీ అందినట్టు. కొన్ని బాగా తక్కువ, కొన్ని విపరీతంగా ఎక్కువ ఉంటే అనుమానం, బయటి వైరస్ తగిలిందేమోనని.

2025 ఫిబ్రవరిలో మా వైపు కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నమూనాలు భోపాల్ ల్యాబుకు వెళ్లాయి. అక్కడ వెతికింది వైరస్‌నే. యాంటీబాడీలు చూడమని ఎందుకు అనలేదు? ఇంకోటి. టీకా వేసుకున్న మనుషుల్లో యాంటీబాడీ టీకాదో రోగానిదో ఎలా తెలుస్తుంది?

కాకినాడ ల్యాబ్ | సోమవారం, మధ్యాహ్నం
మొదటిదానికి జవాబు కష్టమైనదే బాబాయ్ గారూ. హెచ్5ఎన్1, అదే ఆ బర్డ్ ఫ్లూ వైరస్, తగిలిన కోళ్లు రోజుల్లోనే చనిపోతాయి, యాంటీబాడీలు తయారయ్యేంత సమయం వాటికి దొరకదు. చనిపోయిన కోడిలో వెతకాల్సింది వైరస్‌నే. బతికి బయటపడ్డ జీవుల్లోనే యాంటీబాడీ కథ చెబుతుంది. అలాంటి చోట యాంటీబాడీ పరీక్ష ఉపయోగపడేది ఫారాల్లో పనిచేసిన మనుషులకు. జలుబుగా కూడా తెలియకుండా ఎవరికైనా సోకి పోయిందా అన్నది తర్వాత వాళ్ల రక్తంలోనే తెలుస్తుంది.

రెండోదానికి జవాబు బాగుంటుంది. కరోనా వైరస్‌కు పైన స్పైక్ ప్రోటీన్, లోపల న్యూక్లియోక్యాప్సిడ్ అనే ఇంకో ప్రోటీన్ ఉంటాయి. కోవిషీల్డ్ శరీరానికి స్పైక్‌ను మాత్రమే చూపిస్తుంది. కాబట్టి కోవిషీల్డ్ వేసుకున్న మనిషిలో లోపలి ప్రోటీన్‌కు యాంటీబాడీ కనపడితే అది నిజంగా సోకినందువల్లే. కోవాగ్జిన్ అయితే చంపేసిన మొత్తం వైరస్. రెండు ప్రోటీన్లకూ యాంటీబాడీలు రావచ్చు, అక్కడ విడదీయడం కుదరదు. అందుకే సర్వేలో "ఏ టీకా, ఎప్పుడు" అని తప్పకుండా రాసుకుంటారు.

చెరువు గట్టు | సోమవారం, సాయంత్రం
భీమవరంలో ఆక్వా ల్యాబులో చేస్తాను. మా దగ్గరకొచ్చే రైతులు కొందరు అడుగుతుంటారు, వెనామీ రొయ్యకు వైట్ స్పాట్ వైరస్ ఇంతకుముందు వచ్చి పోయిందో లేదో యాంటీబాడీ టెస్టు చెయ్యమని. రొయ్యకు యాంటీబాడీలే ఉండవండి. వెన్నెముక లేని జీవులకు ఆ వ్యవస్థ లేదు. అందుకే మాకు పీసీఆర్ ఒక్కటే దారి. చెరువులో ఈరోజు వైరస్ ఉందా అన్నదే చెప్పగలం. మనుషుల రక్తంలో ఇన్ని నెలల చరిత్ర దాగి ఉంటుందంటే మాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

యానాం కుర్రాడు | సోమవారం, రాత్రి
సరే, చరిత్ర దాగి ఉంటుందంటున్నారు. కానీ ఆ ముంబయిలోనే ఆగస్టులో మళ్లీ చేస్తే మురికివాడల్లో 57 శాతం కాస్తా 45 అయింది కదా. వచ్చిన రోగం రాకుండా పోతుందా?

పాలకొల్లు పీజీ | సోమవారం, రాత్రి
మంచి పట్టు పట్టావు తమ్ముడూ. రెండోసారి రక్తమిచ్చింది అదే మనుషులు కాదు, కొంత తేడా అక్కడ వస్తుంది. యాంటీబాడీలు కాలంతో తగ్గుతాయన్నది ఇంకో కారణం. ముఖ్యంగా న్యూక్లియోక్యాప్సిడ్ యాంటీబాడీని చూసే కొన్ని కిట్లలో అది త్వరగా గీత కిందకు దిగిపోతుంది. అంటే ఆలస్యంగా చేసిన సర్వే వ్యాప్తిని తక్కువ చేసి చూపిస్తుంది. తగ్గినంత మాత్రాన రక్షణ మొత్తం పోయినట్టూ కాదు, శరీరంలో జ్ఞాపక కణాలు వేరే ఉంటాయి. ఈ పరీక్ష వాటిని చూడలేదు.

దీనికి రెండోవైపు బ్రెజిల్‌లోని మనౌస్ నగరం. రక్తదాతల నమూనాలు చూసి, తగ్గుదలను కూడా సర్దుబాటు చేసి, 2020 అక్టోబరుకు 76 శాతం మందికి సోకిందని అంచనా వేశారు. ఇక అక్కడ రోగం ఆగిపోతుందని చాలామంది అనుకున్నారు. 2021 జనవరిలో ఆక్సిజన్ దొరక్క జనం చనిపోయారు. కొత్త వేరియంట్, తగ్గిన రక్షణ, రక్తదాతలు ఊరందరికీ ప్రతినిధులు కాకపోవడం, అన్నిటికీ అందులో వంతు ఉందన్నారు. ఎంతమందికి సోకిందో చెప్పే అంకెను, ఎంతమంది క్షేమమో చెప్పే అంకెగా చదవడం ప్రాణాల మీదకు తెస్తుంది. దీని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. "ఇంత శాతం వచ్చేసింది, ఇక మాస్కు అక్కర్లేదు" అని మన దగ్గరా అన్నారు. 2021 ఏప్రిల్, మే ఎలా గడిచాయో చెప్పక్కర్లేదు.

గుడివాడ | మంగళవారం, ఉదయం
ఆ తర్వాత ఆంధ్రాలో 70 శాతం అని చెప్పింది ఏ సర్వే?

భీమవరం లెక్కల పంతులు | మంగళవారం, ఉదయం
ఐసీఎంఆర్ నాలుగోది, 2021 జూన్, జూలై. దేశానికి 67.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 70.2, కేరళకు 44.4. కానీ ఆ సర్వే మొదటినుంచీ అవే 70 జిల్లాల్లో చేశారు. మన రాష్ట్రంలో అవి కృష్ణా, నెల్లూరు, విజయనగరం. ఆ 70.2లో గోదావరి జిల్లాల రక్తం ఒక్క చుక్క కూడా లేదు. రాష్ట్ర స్థాయి మాటగా తీసుకోవచ్చు గానీ, అమలాపురానికి వర్తింపజేసి మాట్లాడితే ఆధారం ఉండదు. అప్పట్లో అలా మాట్లాడినవాళ్లు చాలామంది. కేరళ అంకె తక్కువని దాన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. అక్కడ ఇంకా చాలామందికి సోకలేదు, కాబట్టి ఆ తర్వాత కూడా కేసులు వస్తూనే ఉన్నాయి. అది ముందే చెప్పింది ఆ సర్వేనే.

లంక ఏఎన్ఎం | మంగళవారం, మధ్యాహ్నం
కరోనా అయిపోయింది గానీ మా లంకల్లో దోమలు అయిపోలేదండి. డెంగ్యూకి ఇలాంటి సర్వేలు పనికొస్తాయా? మేం చిన్నప్పుడు బోదకాలు పరీక్షకని రాత్రిపూట లాంతరు వెలుగులో వేలికి సూది గుచ్చేవారు. ఆ పురుగు పిల్లలు రాత్రే రక్తంలో పైకి వస్తాయని. డెంగ్యూకి పగలు తీసినా సరిపోతుంది కదా?

పాలకొల్లు పీజీ | మంగళవారం, రాత్రి
సరిపోతుందక్కా. బోదకాలు స్లైడులో వెతికేది పురుగునే, దానికి వేళ ఉంది. యాంటీబాడీకి రాత్రీ పగలూ లేదు.

డెంగ్యూకి ఇంకా బాగా పనికొస్తుంది. 2017-18లో ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా 12,300 మంది రక్తం చూసింది, అయిదేళ్ల నుంచి నలభై అయిదేళ్ల వాళ్లది. మొత్తం మీద 48.7 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు డెంగ్యూ సోకింది. దక్షిణాదిలో 76.9. వయసువారీగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. దేశం మొత్తమ్మీద 5-8 ఏళ్లలో 28.3, 9-17 ఏళ్లలో 41, 18-45 ఏళ్లలో 56.2. మెట్లలా ఎక్కుతోంది కదా. ఏటా కొంతమందికి సోకుతూ ఉండే రోగానికి ఇది గుర్తు. పిల్లల్లో ఎంత నిటారుగా ఎక్కితే ఆ ఊళ్లో వ్యాప్తి అంత వేగం. ఒక్కసారి రక్తం తీసి, గడిచిన ఏళ్ల వేగాన్ని లెక్కకట్టొచ్చు. అదే కొన్నేళ్ల కింద ఒక్కసారి వచ్చి వెళ్లిపోయిన రోగమైతే, ఆ తర్వాత పుట్టినవాళ్లలో దాదాపు ఏమీ కనపడక, ఒక వయసు దగ్గర హఠాత్తుగా లేస్తుంది. 2006లో కీళ్లు పట్టేసిన చికున్‌గున్యా పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లంక ఊళ్లలో దాని గ్రాఫు మెట్లలా ఉంటుందా, గోడలా ఉంటుందా అన్నది నాకు చాలా ఆసక్తి.

కాకినాడ ల్యాబ్ | మంగళవారం, రాత్రి
ఒక జాగ్రత్త. డెంగ్యూ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, జికా ఒకే కుటుంబం వైరస్‌లు. ఒకదాని యాంటీబాడీ ఇంకొకదాని కిట్‌లో పసుపు రంగు తెప్పించగలదు. అందుకని అనుమానం ఉన్న నమూనాల్లో కొన్నిటిని వైరస్‌ను నిజంగా అడ్డుకుంటున్నాయా లేదా చూసే పెద్ద పరీక్షకు పంపాలి. అది ఖర్చూ, సమయం కూడా. మాస్టారూ, మీకు ఉత్సాహంగా ఉందని తెలుసు, కానీ స్కూల్లో పిల్లల రక్తంతో సొంతంగా ఏమీ మొదలుపెట్టకండి. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిందే.

రాజోలు మాస్టారు | బుధవారం, ఉదయం
అలాంటి ఆలోచనే లేదమ్మా, అంకెలే చాలు. పంతులుగారి వెయ్యిమంది ఊరి లెక్క, డెంగ్యూ మెట్లు, ఈ రెండూ బోర్డు మీద వేస్తాను.

యానాం కుర్రాడు | బుధవారం, ఉదయం
చివరిగా ఒక్కటి. రేపు మా ఇంటికి ఇలాంటి సర్వే వాళ్లు వస్తే చెయ్యి ఇవ్వాలా? రిపోర్టు చూసుకుని నాకు ఇక రాదని అనుకోవచ్చా?

కాకినాడ ల్యాబ్ | బుధవారం, మధ్యాహ్నం
చెయ్యి ఇవ్వండి. రిపోర్టు మీద అంత ఆశ పెట్టుకోకండి. లెక్కల పంతులుగారి ఊళ్లో ఆ ఇరవై ఒక్కమందిలో మీరూ ఒకరు కావచ్చు. ఊరికి సంబంధించినంతవరకు ఆ పొరపాటును సూత్రంతో సరిదిద్దగలం, మీ ఒక్కరి విషయంలో అది ఎటు పోయిందో చెప్పలేం. రక్తం తీసే ముందు కాగితం చదివి వినిపిస్తారు, వద్దంటే వదిలేస్తారు. మీ పేరు ల్యాబుకు రాదు, నంబరే వస్తుంది.

లంక ఏఎన్ఎం | బుధవారం, సాయంత్రం
మీరు పనికెళ్లే మనిషైతే ఫలానా టైముకి ఇంట్లో ఉంటానని వచ్చినవాళ్లకు చెప్పండి బాబూ. మా వైపు ప్లాంటు బస్సు సాయంత్రం ఏడింటికి వస్తుంది, ఏడున్నరకి వెళ్తే ఆ ఆడపిల్లలందరూ దొరుకుతారు. ఈసారి లిస్టు వస్తే ఆ వేళకే వెళ్దామని మా ఆశా అమ్మాయిలతో ఇప్పుడే అనుకున్నాం. టార్చి లైటు, ఇంకో రెండు ఐస్ ప్యాకులు మాత్రం పీహెచ్‌సీ వాళ్లని ముందే అడగాలి.